బర్రె బొమ్మను కూడా ఆ జాబితాలో చేర్చండి: ఇన్‌స్టాగ్రామ్ రక్షణ సెట్టింగులపై నా రివ్యూ

ఇన్‌స్టాగ్రామ్‌లో మనల్ని ఏడిపించేవాళ్ళ నుంచి కాపాడుకోవడానికి కొన్ని సెట్టింగులు ఉన్నాయి. రిస్ట్రిక్ట్, హిడెన్ వర్డ్స్, లిమిట్, బ్లాక్, రిపోర్ట్. చాలామందికి చివరి రెండే తెలుసు. నేను అన్నీ వాడాను, ఇప్పటికీ వాడుతున్నాను. తెలుగులో తిట్లు పడే పిల్లలకి ఇవి ఎంతవరకు పనికొస్తాయో తెలియాలని ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రిస్ట్రిక్ట్ చాలా మంచిది, అందరికీ తెలియాలి. హిడెన్ వర్డ్స్‌కి మన తిట్లు మనమే నేర్పాలి, నేర్పితే అదీ మంచిదే. ఈ రెండూ ఒక్కరే గదిలో తలుపేసుకుని పెట్టుకునేవి మాత్రం కావు. పక్కన మన మనిషి ఒకరు ఉండాలి.

మాది రామంతాపూర్. నేను బీకాం చదువుతున్నాను. ఇది జరిగింది ఇంటర్ సెకండియర్‌లో, 2023 బతుకమ్మ పండక్కి. కాలేజీలో బతుకమ్మ ఆడిన వీడియో పెట్టాను. అమ్మ కుట్టిన ఆకుపచ్చ లంగావోణీ వేసుకున్నాను. నేను లావుగా, నల్లగా ఉంటాను. సాయంత్రం వరకు కామెంట్లలో ఫ్రెండ్స్ పెట్టిన హార్ట్ ఎమోజీ బొమ్మలే ఉన్నాయి. రాత్రికి బర్రె బొమ్మలు మొదలయ్యాయి. మాట ఒక్కటి లేదు, వరసగా బర్రె బొమ్మలు, అంతే. పొద్దున లేచేసరికి మా కాలేజీ పేరు పెట్టుకుని ఎవరో నడిపే కన్ఫెషన్స్ పేజీలో (పేరు చెప్పకుండా ఎవరేం పంపినా వేసే పేజీ) నా వీడియోలోంచి తీసిన స్క్రీన్‌షాట్ ఉంది. కింద కామెంట్లు రాసినవాళ్ళలో సగం మంది నాకు తెలిసినవాళ్ళు.

పెద్దవాళ్ళకి ఈ విషయం చెప్పడం కష్టం. "ఏమన్నారు?" అని అడుగుతారు. "బర్రె బొమ్మ పెట్టారు" అంటే "అంతేనా" అంటారు. అది ఒక్కసారితో ఆగిపోతే నిజంగానే అంతే. కానీ నేను ఏం పెట్టినా అదే వస్తోంది. నా ఫ్రెండ్ తన పుట్టినరోజు ఫొటోలో నన్ను ట్యాగ్ చేస్తే అక్కడికీ వచ్చింది. క్లాసులో ఎవరైనా ఫోన్ చూసి నవ్వితే నా గురించేనేమో అనిపించేది. స్కూల్లో ఏడిపిస్తే ఇంటికొచ్చాక ఆగుతుంది. ఇది దిండు పక్కన కూడా ఆగదు. పైగా అందరూ చూస్తుంటారు. ఎంతమంది చూశారో, ఎవరు చూశారో మనకి తెలియదు.

రిస్ట్రిక్ట్ నుంచి మొదలుపెడతాను. ఇది 2019లో వచ్చింది. ఎవరి ప్రొఫైల్‌లోనైనా పైన మూడు చుక్కలు నొక్కితే బ్లాక్, రిస్ట్రిక్ట్ రెండూ కనిపిస్తాయి. రిస్ట్రిక్ట్ చేస్తే వాళ్ళు మన పోస్టు కింద రాసే కామెంట్ వాళ్ళకి మాత్రమే కనిపిస్తుంది. మనం ఒప్పుకుంటే తప్ప ఇంకెవరికీ కనబడదు. వాళ్ళ మెసేజ్ మామూలు ఇన్‌బాక్స్‌లోకి రాకుండా మెసేజ్ రిక్వెస్ట్స్‌లోకి పోతుంది. మనం ఆన్‌లైన్‌లో ఉన్నామో లేదో, మెసేజ్ చదివామో లేదో వాళ్ళకి తెలియదు. రిస్ట్రిక్ట్ చేసినట్టు వాళ్ళకి నోటిఫికేషన్ కూడా పోదు.

ఇది బ్లాక్ కంటే ఎందుకు మేలో ఒకే క్లాసులో కూర్చునేవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. అందరికంటే ఎక్కువ కామెంట్లు పెట్టిన అబ్బాయి మా వెనక బెంచీలో కూర్చునేవాడు. అతన్ని బ్లాక్ చేస్తే రాత్రికి నా పేరు వెతుకుతాడు, దొరకదు, పొద్దున క్లాసులో అందరిముందు "ఏందే, బ్లాక్ జేసినవా? గంత భయమా?" అని అదొక కొత్త తమాషా చేస్తాడు. మా బ్యాచ్‌లో ఇంకో అమ్మాయికి అచ్చం అలాగే జరిగింది. తను ఒకడికి గట్టిగా సమాధానం రాసి బ్లాక్ చేసింది. ఆ సమాధానాన్నే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపుల్లో తిప్పారు. ఆమెను తిట్టినవి ఒక్కటీ ఎవరికీ గుర్తు లేదు, ఆమె రాసినదే నెల రోజులు తిరిగింది.

నేను వెనక బెంచీ అబ్బాయిని రిస్ట్రిక్ట్ చేశాను. అతను రాస్తూనే ఉన్నాడు. ఖాళీ గదిలో అరిచినట్టే. ఎవరూ నవ్వలేదు, ఎవరూ లైక్ కొట్టలేదు, కింద ఇంకో బర్రె బొమ్మ రాలేదు. ఏడిపించేవాళ్ళకి కావాల్సింది మనం కాదు, చూసి నవ్వే జనం. ఆ జనం లేకపోయేసరికి అతని కామెంట్లు తగ్గుతూ వచ్చి, దసరా సెలవులు అయ్యాక పూర్తిగా ఆగిపోయాయి. అతను మారాడని నేను అనడం లేదు. నాకు అప్పుడు అతను మారడం అవసరం కాదు, కాలేజీకి వెళ్ళగలగడం అవసరం.

రిస్ట్రిక్ట్‌తో రెండు ఇబ్బందులున్నాయి. ఒక్కొక్కరినీ విడివిడిగా చేయాలి. పదిమంది ఒకేసారి మీద పడితే చేయి నొప్పి పుడుతుంది. రెండోది, వాళ్ళు మన పోస్టులు చూస్తూనే ఉంటారు, స్క్రీన్‌షాట్ తీయగలరు. అందుకని ఖాతాని ప్రైవేట్ చేసి, ఫాలోవర్ల జాబితాలోంచి అవసరం లేనివాళ్ళని తీసేయాలి. తీసేసినా వాళ్ళకి నోటిఫికేషన్ పోదు.

బ్లాక్ పనికిరానిదని కాదు. ఎప్పుడూ ఎదురుపడని మనిషికి, అసభ్యంగా మెసేజ్‌లు పెట్టే ముక్కూమొహం తెలియని ఖాతాకి, బెదిరించేవాడికి బ్లాకే సరి. ఇప్పుడు బ్లాక్ చేసేటప్పుడు అదే మనిషికి ఉన్న వేరే ఖాతాల్ని, కొత్తగా తెరిచే వాటిని కూడా కలిపి బ్లాక్ చేసే అవకాశం ఉంది, అదే ఎంచుకోండి. అయితే స్నేహితుడి ఫోన్ తీసుకుని చూస్తే దాన్ని ఏ సెట్టింగూ ఆపలేదు. ఇంకో మాట: బ్లాక్ చేసేముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి. దీని గురించి కింద రాస్తాను.

ఇక హిడెన్ వర్డ్స్. నేను ఎక్కువ రాయాలనుకున్నది దీని గురించే.

ఇది 2021 నుంచి ఉంది. ఆన్ చేస్తే బూతులు, తిట్లు ఉన్న కామెంట్లని, మెసేజ్ రిక్వెస్టులని పక్కన దాచేస్తుంది. అది ముందే తెలుసుకున్న తిట్లు కొన్ని ఉంటాయి. అవి కాకుండా మనం సొంతంగా మాటలు, వాక్యాలు, బొమ్మలు కూడా చేర్చుకునే జాబితా ఒకటుంది. అసలు విషయమంతా ఈ సొంత జాబితాలోనే ఉంది.

ఎందుకంటే మనవాళ్ళు తెలుగు తిట్టుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. ఒక్కొక్కడు ఒక్కోలా రాస్తాడు. బర్రె అనే మాటనే తీసుకోండి. ఒకడు రెండు ఆర్‌లు పెడతాడు, ఒకడు ఒకటే పెడతాడు, ఇంకొకడు నాలుగు పెట్టి సాగదీస్తాడు. చివర ఒకడు ఈ రాస్తాడు, ఒకడు ఏ రాస్తాడు, ఒకడు ఐ రాస్తాడు. అక్షరాల మధ్య చుక్కలు పెట్టేవాళ్ళు, ఏ బదులు ఎట్ గుర్తు పెట్టేవాళ్ళు కూడా ఉంటారు. పైగా బర్రె అనే మాట బూతు కాదు. పాల గురించి రాసినా అదే మాట. ఎక్కడో కూర్చుని తయారుచేసిన జాబితా, నన్ను బర్రె అన్నారని దానంతటది ఎలా పట్టుకుంటుంది? అది తెలిసింది మనకే, చెప్పాల్సిందీ మనమే.

ఈ జాబితా నేను ఒక్కదాన్నే చేయలేదు. చేసి ఉండేదాన్ని కాదు కూడా, ఆ మాటలన్నీ మళ్ళీ చదవాలంటే కడుపులో తిప్పేది. మా పెద్దమ్మ బిడ్డ, మా అక్క, గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తుంది. ఆదివారం వచ్చింది. నా మొహం చూసి "ఏమైందే?" అంది. చెప్పలేక ఫోన్ చేతికిచ్చాను. అక్క కిందికీ పైకీ జరుపుతూ చాలాసేపు చూసింది. "నువ్వు సదవకు, నేను సదువుత" అని తన ఫోన్‌లో ఒక నోట్ తెరిచి కామెంట్లలోని మాటల్ని ఒక్కొక్కటే దింపడం మొదలుపెట్టింది. ప్రతి మాటకీ ఎన్నిరకాల స్పెల్లింగులుంటే అన్నీ, మధ్యలో కామాలు పెట్టుకుంటూ. బర్రె బొమ్మ, ఏనుగు బొమ్మ, పంది బొమ్మ కూడా. తెలుగు లిపిలో విడిగా మళ్ళీ ఒకసారి.

అమ్మ అక్కడే మిషన్ మీద జాకెట్టు కుడుతోంది. అమ్మకి ఇన్‌స్టాగ్రామ్ తెలియదు. మేమేం చేస్తున్నామో అక్క చెప్పింది. అమ్మ మిషన్ ఆపలేదు. కాసేపటికి "గుమ్మి అని రాసిన్రా?" అంది. అక్క రాసింది. ఇంకో కుట్టు అయ్యాక "బొగ్గు. కాకి." అక్క రాసింది. అప్పుడు అమ్మ దారం తెంపుతూ "నన్ను కాకి అనేటోళ్ళు బడిల" అంది. ఆ సంగతి అమ్మ అంతకుముందు ఎన్నడూ చెప్పలేదు. నేను లేచి వెళ్ళి మిషన్ పక్కన కింద కూర్చున్నాను. అమ్మ ఒక చేయి నా తల మీద వేసి, ఇంకో చేత్తో చక్రం తిప్పి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

ఆ జాబితాని ఫోన్‌లో చేర్చాక తేడా ఆ రాత్రే తెలిసింది. కొత్త పోస్టు కింద ఫ్రెండ్స్ రాసినవే కనబడ్డాయి. దాచినవాటిని చూడాలంటే మనం వెళ్ళి తెరవాలి, నేను తెరవలేదు. వారానికోసారి అక్క చూసేది, కొత్త స్పెల్లింగు ఏదైనా తప్పించుకుని వస్తే జాబితాలో కలిపేది.

ఇది పెట్టుకునేవాళ్ళకి ఒకటి చెప్పాలి. మాట చిన్నదైతే మంచి కామెంట్లూ పోతాయి. నల్ల అనే మాట ఒక్కటే పెడితే "నల్ల చీరలో బాగున్నావు బిడ్డా" అని పిన్ని రాసింది కూడా దాక్కుంటుంది. అలాంటి మామూలు మాటల్ని ఒంటరిగా పెట్టకుండా, వాళ్ళు నిజంగా రాసే రెండు మూడు మాటల తిట్టుని మొత్తంగా పెట్టండి. బొమ్మలకి ఈ సమస్య తక్కువ. మీ ఇంట్లో బర్రెలుంటే తప్ప మీ ఫొటో కింద బర్రె బొమ్మ మంచి ఉద్దేశంతో ఎవరూ పెట్టరు.

కులం పేరుతో, ఊరి పేరుతో, ఇంట్లోవాళ్ళు చేసే పని పేరుతో తిట్టే మాటలు కూడా మన దగ్గర చాలా ఉన్నాయి. అవి ఇక్కడ రాయను. ఎవరికి ఏది తగులుతుందో వాళ్ళకే తెలుసు. అవన్నీ మొహమాటపడకుండా జాబితాలో పెట్టుకోండి. ఆ జాబితా మనకి తప్ప ఎవరికీ కనబడదు.

హిడెన్ వర్డ్స్ చేయలేనివి ఉన్నాయి. అది మన పోస్టుల కింద కామెంట్లకీ, మనకి వచ్చే రిక్వెస్టులకీ మాత్రమే. వేరే పేజీలో పెట్టిన మీమ్ మీద మన జాబితాకి ఏ అధికారమూ లేదు. క్లాస్ వాట్సాప్ గ్రూపులో జరిగేది దీని పరిధిలోకే రాదు. అక్కడైతే మనల్ని గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చో ప్రైవసీ సెట్టింగుల్లో కాంటాక్ట్స్ వరకే పెట్టుకోవచ్చు. గ్రూప్ అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ లేకుండా తీసేయగలడు. కాబట్టి అడ్మిన్ మంచివాడైతే నేరుగా అతన్ని అడగడం మేలు.

లిమిట్ గురించి కొంచెమే. ఒక్కసారిగా తెలియనివాళ్ళు మీద పడినప్పుడు ఇది పనికొస్తుంది. మనల్ని ఫాలో కానివాళ్ళు, ఈమధ్యే ఫాలో అయినవాళ్ళు పెట్టే కామెంట్లని, మెసేజ్‌లని కొన్నాళ్ళపాటు పక్కకి పెట్టేస్తుంది. గడువు మనమే పెట్టుకోవాలి. కన్ఫెషన్స్ పేజీలో నా ఫొటో తిరిగినప్పుడు వేరే కాలేజీల వాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళని ఒక్కొక్కరినీ రిస్ట్రిక్ట్ చేయడం అయ్యే పని కాదు, లిమిట్‌తో ఒకేసారి ఆగారు.

నవంబరులో నా పేరుతో, నా ఫొటోతో ఒక దొంగ ఖాతా తెరిచారు. దాంట్లోంచి సీనియర్లకి పిచ్చి మెసేజ్‌లు పంపారు. అప్పుడు పై సెట్టింగులు ఏవీ సరిపోవు. రిపోర్ట్ చేయాలి, అవసరమైతే పోలీసుల దాకా వెళ్ళాలి. ఇక్కడే ముందు దాచుకున్న స్క్రీన్‌షాట్లు పనికొచ్చాయి.

స్క్రీన్‌షాట్ ఎలా తీయాలో అక్క నేర్పింది, చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాను. కామెంట్ ఒక్కటే కత్తిరించి తీయకూడదు. రాసినవాళ్ళ యూజర్‌నేమ్, ఏ పోస్టు కింద రాశారో, ఫోన్ పైన టైము, అన్నీ ఒకే స్క్రీన్‌లో పడాలి. దానితోపాటు ఆ ప్రొఫైల్ లింకు, పోస్టు లింకు కాపీ చేసి విడిగా నోట్‌లో పెట్టుకోవాలి. పోస్టు నుంచి ప్రొఫైల్‌లోకి వెళ్ళడం కనబడేలా స్క్రీన్ రికార్డింగ్ కూడా తీస్తే ఇంకా మంచిది. అవన్నీ మన ఫోన్ గ్యాలరీలో కాకుండా నమ్మకమైన మనిషి దగ్గర ఉంచాలి. నావి అక్క దగ్గరే ఉండేవి. గ్యాలరీ తెరిచినప్పుడల్లా అవి నా కంట పడకపోవడం ఎంత హాయో మాటల్లో చెప్పలేను.

దొంగ ఖాతా మీద రిపోర్ట్ చేసేటప్పుడు "నాలా నటిస్తున్నారు" అనే కారణాన్నే ఎంచుకోవాలి. ఊరికే స్పామ్ అని కొట్టకూడదు. ఫ్రెండ్స్ రిపోర్ట్ చేసినా మంచిదే, కానీ ఎవరి పేరు వాడారో ఆ మనిషి చేయడం ముఖ్యం. మన దేశంలో 2021 ఐటీ నిబంధనలు దీనికి బలం ఇచ్చాయి. నగ్నంగా చూపించే ఫొటోలు, మార్ఫింగ్ చేసినవి, ఒకరి పేరుతో ఇంకొకరు నటించేవి అయితే బాధితులు ఫిర్యాదు చేసిన 24 గంటల్లో తీయాలని అప్పట్లో వాటిలో పెట్టారు. ప్రతి పెద్ద కంపెనీకి మన దేశంలో ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి, ఉండాలన్నారు. ఆయన ఇచ్చిన జవాబు నచ్చకపోతే 2023లో ఏర్పడిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు. మాకు అంతదూరం అవసరం పడలేదు, ఖాతా తీసేశారు.

మా బస్తీలో ఒక అన్న "66ఏ కింద కేసు పెట్టండి" అన్నాడు. చాలామంది ఇంకా ఇదే చెబుతారు. ఐటీ చట్టంలో ఆన్‌లైన్ తిట్ల మీద ఉండే ఆ సెక్షన్ ఇప్పుడు లేదు. శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న దాన్ని కొట్టేసింది. అంతమాత్రాన చట్టం లేదని కాదు. ఇంకొకరి గుర్తింపుని మోసపూరితంగా వాడితే ఐటీ చట్టంలో 66సీ ఉంది, వేరేవాళ్ళలా నటించి మోసం చేస్తే 66డీ ఉంది. రెండింటికీ మూడేళ్ళ వరకు జైలు. ఒంటి మీద బట్టలు లేని ఫొటోలు అనుమతి లేకుండా తీసినా పంపినా 66ఈ. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలవైతే 67బీ, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం వస్తాయి. వద్దన్నా పదేపదే వెంటపడి మెసేజ్‌లు పెట్టడం, ఆన్‌లైన్‌లో ఏం చేస్తోందో కనిపెడుతూ ఉండటం ఆడపిల్ల విషయంలో స్టాకింగ్ కిందికి వస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్.

మేము జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. దాంట్లో మహిళలు, పిల్లలకి సంబంధించిన విభాగం విడిగా ఉంది. పేరు చెప్పకుండా కూడా పెట్టవచ్చు, కానీ అలా పెడితే తర్వాత ఏమైందో తెలుసుకునే వీలు లేదు. మేము ఫోన్ నంబర్, ఓటీపీ ఇచ్చి ట్రాక్ చేసుకునే పద్ధతిలో పెట్టాం. ఫారం పొడుగ్గా ఉంటుంది, ఆధారాలన్నీ పక్కన పెట్టుకుని కూర్చోవాలి. 1930 నంబర్ అందరికీ గుర్తుంటుంది గానీ అది ముఖ్యంగా డబ్బు పోయినప్పుడు వెంటనే చేయాల్సింది. మనలాంటి విషయానికి పోర్టల్, దగ్గరి పోలీస్ స్టేషన్, ఆడపిల్లలకైతే షీ టీమ్స్, అంటే ఆడవాళ్ళ రక్షణకి పోలీసులు పెట్టిన బృందాలు. షీ టీమ్స్ హైదరాబాద్‌లో 2014 అక్టోబరు 24న మొదలయ్యాయి, వాట్సాప్‌లో కూడా ఫిర్యాదు తీసుకుంటారు, చెప్పినవాళ్ళ పేరు బయటపెట్టరు. ఏడిపించినవాళ్ళు మైనర్లైతే తల్లిదండ్రుల్ని పిలిచి కౌన్సెలింగ్ చేస్తారు. మాకు పోలీసుల నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడిన మేడం "కేసు పెడదామా, వాళ్ళ పేరెంట్స్‌ని పిలిచి మాట్లాడదామా, నువ్వేమంటావమ్మా?" అని నన్నే అడిగారు. అమ్మ వైపు చూశాను. అమ్మ "నీ ఇష్టం" అంది. పేరెంట్స్‌ని పిలిస్తే చాలన్నాను. కేసు పెట్టాలని ఎవరైనా అనుకుంటే అదీ పూర్తిగా న్యాయమే.

మగపిల్లలకి ఇలా జరిగితే ఎవరికీ చెప్పుకోరు, అది నాకు బాగా బాధగా ఉంటుంది. మా బ్యాచ్‌లో నత్తి ఉన్న అబ్బాయి మాట్లాడిన ఆడియోని కత్తిరించి రీల్స్ చేశారు. అతను నవ్వుతూ తిరిగేవాడు, తర్వాత కాలేజీ మానేశాడు. షీ టీమ్స్ లేకపోయినా పోర్టల్ అబ్బాయిలకీ ఉంది, పద్దెనిమిదేళ్ళలోపు ఎవరికైనా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఫ్రెండ్స్ పక్కన ఉండి చేయించాలి.

ఇంకో సేవ గురించి కూడా ఇక్కడే రాయాలి, ఎందుకంటే సెట్టింగులు కామెంట్లని దాస్తాయి గానీ నిద్ర పట్టించవు. నాకు రాత్రిళ్ళు గుండె దడగా ఉండేది, అన్నం సయించేది కాదు. అద్దంలో చూసుకోవడం మానేశాను. 14416 నంబర్‌కి ఫోన్ చేశాను. అది టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు పడవు. మొదట భాష ఎంచుకోమంటుంది, తెలుగు ఉంది. మాట్లాడిన ఆవిడ నన్ను తొందరపెట్టలేదు. ఏడుపు ఆగేదాకా ఆగారు. "నువ్వు తప్పు చేయలేదు" అని చెప్పడం కాకుండా, "ఇంట్లో ఈ విషయం ఎవరెవరికి తెలుసు?" అని అడిగారు. అక్క, అమ్మ అన్నాను. కాలేజీలో ఎవరికి చెప్పగలవన్నారు. ఆలోచిస్తే మా ఫిజిక్స్ మేడం గుర్తొచ్చారు. మర్నాడే వెళ్ళి చెప్పాను. మేడం స్క్రీన్‌షాట్లన్నీ ప్రింట్ తీయించి ప్రిన్సిపల్ దగ్గరికి తనే తీసుకెళ్ళారు. ఆ తర్వాతే కన్ఫెషన్స్ పేజీలో నా ఫొటో పోయింది. కష్టంగా ఉన్నవాళ్ళు, బతకాలని లేదనిపించేవాళ్ళు ఏ సెట్టింగూ ముట్టుకోకముందే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి.

అమ్మానాన్నలకి ఒక విన్నపం. ఫోన్ లాక్కోకండి. లాక్కుంటే పిల్లలు రెండోసారి చెప్పరు. మా నాన్న మొదట "గా ఫోన్ మూలకు పడెయ్" అన్నాడు, కోపం నా మీద కాదని నాకు తెలుసు. అక్క ఆయన్ని కూర్చోబెట్టి, ఫోన్ నా దగ్గర లేకపోయినా ఆ పేజీలో ఫొటో ఉంటుందని చూపించింది. అప్పటినుంచి రోజూ రాత్రి "ఇయ్యాల ఏమన్న వచ్చిందా బిడ్డా?" అని అడిగేవాడు. నేను నిద్రపోయేముందు ఫోన్ ఆయన మంచం దగ్గర చార్జింగ్ పెట్టేదాన్ని, నా ఇష్టంతోనే.

మా తమ్ముడు తొమ్మిదో తరగతి. వాడి వయసువాళ్ళకి ఇప్పుడు టీన్ అకౌంట్లు వచ్చాయి. మన దేశంలో 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళ ఖాతా దానంతటదే ప్రైవేట్ అవుతుంది, తెలియనివాళ్ళు మెసేజ్ పెట్టలేరు, హిడెన్ వర్డ్స్ ముందే గట్టిగా ఆన్ అయి ఉంటుంది, రాత్రి పది నుంచి పొద్దున ఏడు వరకు నోటిఫికేషన్లు మోగవు. పదహారేళ్ళలోపు పిల్లలు వీటిని సడలించాలంటే పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి. చాలా మంచి ఏర్పాటు, నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఇది ఉంటే బాగుండేది. కానీ పిల్లలు పుట్టిన సంవత్సరం తప్పు వేసి ఖాతా తెరిస్తే ఈ రక్షణ దొరక్కుండా పోవచ్చు. మీ ఇంట్లో పిల్లల ఫోన్‌లో ఏ సంవత్సరం పెట్టారో తిట్టకుండా ఒకసారి చూడండి. టీన్ అకౌంట్ ఉన్నా సొంత మాటల జాబితా మాత్రం విడిగా పెట్టాలి. తమ్ముడికి నేనే పెట్టాను. వాడు సన్నగా ఉంటాడు, కాబట్టి వాడి జాబితాలో మాటలు వేరు. అగ్గిపుల్ల, పుల్లయ్య, ఎముకల బొమ్మ. అవి వాడే చెప్పాడు, నేను టైప్ చేశాను.

మార్కులు అడిగితే రిస్ట్రిక్ట్‌కి ఐదుకి ఐదు ఇస్తాను. హిడెన్ వర్డ్స్‌కి ఉన్నదున్నట్టుగా మూడు, సొంత జాబితా నింపాక నాలుగున్నర. లిమిట్‌కి నాలుగు. అవసరం పడ్డాక వెతుక్కునేకంటే ముందే పెట్టుకుంటే మంచిది. ఫ్రెషర్స్ డే, ఫేర్‌వెల్, బతుకమ్మ, రిజల్ట్స్, ఈ నాలుగు సమయాల్లోనే ఫొటోలు ఎక్కువ పెడతాం, కన్ఫెషన్స్ పేజీలు కూడా అప్పుడే రెచ్చిపోతాయి. ఆ ముందురోజు ఖాతా ప్రైవేట్‌లో ఉందో లేదో చూసుకుని, ట్యాగ్, మెన్షన్ మనం ఫాలో అయ్యేవాళ్ళకే ఉండేలా మార్చి, లిమిట్‌కి వారం గడువు పెట్టి, అప్పుడు ఫొటో పెట్టండి. లంగావోణీ ఫొటో తప్పకుండా పెట్టండి.